ఒకే తలకు రెండు క్షవరాలు

సెలూన్‌లో పెద్దకత్తెర అని పేరుపడ్డ మనిషికి జ్వరం మెదడుకెక్కి దిగిన తర్వాత, ఆస్పత్రిలో డాక్టరమ్మ కాగితం మీద ఒక బొమ్మ గీసి అతని భార్యకు చూపించింది.

"మెదడులో ఇటొకటి అటొకటి, చిటికెన వేలంత ఉంటాయమ్మా. హిప్పోకాంపస్ అంటారు. ఇవాళ జరిగింది రేపు గుర్తుండాలంటే అవి పనిచెయ్యాలి. జ్వరం వాటిని తినేసింది."

ముప్ఫై ఏళ్లుగా ఆ తలతో వేగిన మనిషి బొమ్మకేసి అనుమానంగా చూసింది. "పాడైంది ఇంతేనా? మరి మిగతా తలంతా ఏం చేస్తున్నట్టు?"

"చాలా చేస్తోంది. పాత సంగతులు ఎప్పుడో వేరేచోట పదిలమైపోయాయి. చేతిపనికి దారే వేరు. కొత్త పనైనా సరే, రోజూ చేయిస్తే చేతులు నేర్చుకుంటాయి. నేర్చుకున్నట్టు ఆయనకు మాత్రం తెలీదు."

"తెలిసినవి చెయ్యకపోవడం ఇన్నాళ్లూ చూశాను. తెలియకుండా చేస్తే అదీ చూద్దాం," అంది ఆవిడ.

సెలూన్ ఆవిడ తమ్ముడిది. రెండు కుర్చీల్లో కిటికీ పక్కది పెద్దకత్తెరది. ఎలాంటి తలనైనా కత్తెరతోనే చక్కబెట్టేవాడు. మిషన్ పట్టేవాళ్లను గడ్డి కోసేవాళ్ల కింద జమకట్టేవాడు. ఇప్పుడొచ్చేవాళ్లకేమో పక్కలు నున్నగా గీకి, పైకి పోయేకొద్దీ ఒత్తుగా వదలాలి. అది మిషన్‌తో అయ్యే పని.

"నెలాఖరుకి బావకు మిషన్ వస్తే కుర్చీ ఆయనది," అన్నాడు తమ్ముడు మొహమాటం లేకుండా. "రాలేదా, వేరే మనిషిని పెట్టుకుంటా. తర్వాత నా మీద పడి ఏడవకక్కా."

అంతకుముందు, జ్వరం తగ్గాక రెండు వారాలు పెద్దకత్తెర ఇంట్లోనే ఉన్నాడు. "ఇవాళ ఏం వారమే?" అని పూటకు ఇరవైసార్లు అడిగేవాడు. అడిగిన ప్రతిసారీ అతని కళ్లలో బెదురు కొత్తగా పుట్టేది. ఒక తల ముందు నిలబెడితే మాత్రం ఆ బెదురు ఉండేది కాదు. ధ్యాస పని మీద ఉన్నంతసేపూ మనిషి నిలకడగా ఉండేవాడు. పక్కకు మళ్లిందా, పలక తుడిచేసినట్టే. ఆ కుర్చీ పోతే ఇక మిగిలేది బెదురే. అందుకే ఆవిడ పంతం పట్టింది.

రోజూ సెలూన్ తెరవడానికి రెండు గంటల ముందే అతన్ని తీసుకెళ్లేది. ఉచితమంటే తలకాయలకు కొరతా? పక్కనున్న బస్సు డిపోలో సగంమంది వరసకట్టారు.

"ఇదెప్పుడు కొన్నారే?" అనేవాడు పెద్దకత్తెర మిషన్ చూసి. "నేనెప్పుడూ ముట్టుకోలేదు."

"నువ్వు ముట్టుకోనివి చాలా ఉన్నాయిలే. కానివ్వు."

మొదటి వారం డిపో మొత్తం ఎలుకలు కొరికినట్టు తిరిగింది. రెండోవారం కండక్టరొకడు అద్దంలో చూసుకుని ఈల వేశాడు. మూడోవారానికి మణికట్టు దానంతటదే తిరిగేది. అప్పటికీ పొద్దున్నే మిషన్‌ను తేలును చూసినట్టు చూసేవాడు.

నెలాఖరున తమ్ముడు వచ్చి తిన్నగా అడిగాడు. "బావా, మిషన్ కొట్టడం వచ్చా?"

"రాదురా. ఇదే చూడ్డం."

"విన్నావా అక్కా? ఆయన నోటితోనే అన్నాడు."

"ఆ నోటిని నమ్మి చేసిన పని ఏదైనా బాగుపడిందా? చేతినడుగు. కూర్చో."

"నా తలా?"

"నీ కుర్చీ, నీ మిషన్. తల ఇంకోడిది తెచ్చుకుంటావా?"

తమ్ముడు తన జుట్టును ఆఖరిసారి తడుముకుని కూర్చున్నాడు. పావుగంటలో మెడ దగ్గర నీడలా మొదలై పైన పొదలా నిలిచింది పని. అద్దంలో ఎడమకీ కుడికీ తిరిగి చూసుకున్నాడు, వంక దొరకలేదు. పెద్దకత్తెర చేతులు కడుక్కోవడానికి లోపలికెళ్లాడు.

"బాగానే ఉందక్కా. కానీ రేపు ఏ పెద్దమనిషి తలో..." అంటూ వాడు బట్ట కప్పుకునే ఉండి నసగసాగాడు. ఆవిడ జవాబిచ్చే ధ్యాసలో పడింది.

పెద్దకత్తెర బయటికొచ్చాడు. కుర్చీలో మనిషి. మెడకు బట్ట. "ఏరా, ఎప్పుడొచ్చావు? పైన అడవిలా పెరిగిందే," అని మిషన్ తీసుకుని నుదుటి నుంచి నడినెత్తి దాకా ఒక్క దారి వేశాడు.

తమ్ముడు గావుకేక పెట్టాడు.

"కదలకు. ఇప్పుడే మొదలెట్టాను."

ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. కుర్చీ పోయిందనే అనుకుంది. ఒక దారి పడ్డాక మిగతాది ఉంచుకునేదేముంది? తమ్ముడు కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి తల గుండ్రంగా, ఒక్క గాటు లేకుండా, చెయ్యి పెడితే మఖమల్‌లా ఉంది. వాడు ముందూ వెనకా తడుముకున్నాడు.

"చెప్పు, వచ్చా రాదా?" అంది ఆవిడ.

"వచ్చు," అన్నాడు తమ్ముడు. "ఒకసారి కాదు, రెండుసార్లు వచ్చు. కుర్చీ ఉంచుతా. కానీ పని అయినవాణ్ని అందులోంచి లేపే పూచీ నీది."

మర్నాటి నుంచి ఆవిడ కుర్చీ పక్కనే నిలబడేది. ఆఖరి వెంట్రుక రాలగానే బట్ట లాగేసేది. ఇంకాసేపు అద్దంలో చూసుకుంటానన్నవాణ్ని రెక్క పట్టుకుని లేపేది.

"మీ అందం మీ ఇంటికెళ్లి చూసుకోండి బాబూ. ఇక్కడ కూర్చుంటే అది కూడా మిగలదు."