తొమ్మిదిమంది చెప్పిన ఒకే కబురు

మహ్ఫూజ్ బిన్ రాషిద్ తన బల్ల సొరుగుకు రెండు తాళాలు వేసేవాడు. రెంటికీ పట్టే తాళంచెవి ఒకటి అతని జేబులో ఉండేది. దాని నకలు అతని భార్య జువేనా మెడలోని గొలుసుకు వేలాడేది. సొరుగులో సుద్దముక్కలు, అట్ట ఊడిన నిఘంటువు, తలనొప్పి మాత్రలు తప్ప సాధారణంగా మరేమీ ఉండవని సైనిక భాషా పాఠశాలలో అందరికీ తెలుసు. తెలిసినవారు చాటుగా నవ్వుకునేవారు. ఎవరు నవ్వుకున్నారో మహ్ఫూజ్ గుర్తు పెట్టుకునేవాడు.

అతడు పుట్టి పెరిగినది జాంజిబారు ద్వీపంలో. అక్కడ తన తండ్రి లవంగాల దుకాణం ఒక్క పూటలో పరాయివారి చేతుల్లోకి పోవడాన్ని కళ్ళెదుటే చూసి, పడవెక్కి తాతల దేశమైన ఒమానుకు చేరుకున్నవాడు. వచ్చేనాటికి అతని వద్ద ఉన్న ఆస్తి చక్కని ఇంగ్లీషు ఒక్కటే. ఆ ఆస్తినే నమ్ముకొని సముద్రతీరపు సైనిక శిబిరంలో ఉపాధ్యాయుడయ్యాడు. ఎడారి పల్లెల నుండి వచ్చిన యువ సైనికులకు విమానపు భాగాల పేర్లు, పనిముట్ల పేర్లు, పై అధికారికి జవాబు చెప్పే పద్ధతి నేర్పేవాడు. ఇంగ్లీషు నేర్పుతున్నంతసేపు అతడు సింహమే. అరబ్బీ మాట్లాడినప్పుడు మాత్రం ద్వీపపు యాస బయటపడేది. అప్పుడు తరగతిలో ఎవరు దగ్గినా అది తనను ఉద్దేశించిన దగ్గేనని అతడు అనుకునేవాడు.

ఆ సంవత్సరపు తరగతిలో తొమ్మిదిమంది ఉండేవారు. వారిలో వయసులోనూ హోదాలోనూ పెద్ద హవల్దారు ముసల్లం. బిదియా ప్రాంతపు ఇసుకదిబ్బల్లో పెరిగిన బక్కపలచని మనిషి. ప్రతి ఉదయం తరగతికి ముందు మట్టికూజా ఆకారంలోని కాఫీపాత్ర పట్టుకొని ఉపాధ్యాయుల గది గుమ్మంలో నిలబడి ఒకే ప్రశ్న అడిగేవాడు.

"ఉస్తాద్, కబుర్లేమిటి?"

"నా కబుర్లతో నీకేం పని?" అనేవాడు మహ్ఫూజ్.

"పనేం లేదు ఉస్తాద్, అడగాలి కాబట్టి అడుగుతున్నా."

"ఎవరు అడగమన్నారు?"

ముసల్లం వెనుక నిలబడ్డ కుర్రవాళ్ళు నవ్వు రాకుండా పెదవులు బిగపట్టేవారు. ఆ ప్రశ్న ఆ దేశంలో పలకరింపేనని మహ్ఫూజ్‌కు తెలియకపోలేదు. తెలిసినప్పటికీ, అది చెవిన పడగానే ఎవరో తన గురించి ఆరా తీస్తున్నట్టు అతని వీపు జలదరించేది.

సంవత్సరాంతంలో మౌఖిక పరీక్ష వచ్చింది. అందులో నెగ్గినవారు విమానపు ఇంజిన్ల పని నేర్చుకోవడానికి ఇంగ్లండుకు వెళ్తారు. అడగవలసిన ప్రశ్నల కాగితం ప్రధాన కార్యాలయం నుండి ముందుగా మహ్ఫూజ్ పేరిటనే వచ్చింది. అతడు దానిని సొరుగులో ఉంచి, తాళాలు రెండూ లాగి చూసుకున్నాడు. పరీక్ష జరుగుతున్నంతసేపు బోధకులు ఆ భవనం దరిదాపులకు రాకూడదన్నది నియమం. కనుక అతడు శిబిరానికి అవతలి చివర కూర్చొని, పరీక్షకుడైన ఆంగ్లేయుడు హార్ట్‌నెల్ జీపు వెళ్ళిపోయేదాకా గోళ్ళు కొరుక్కున్నాడు.

మరునాడు పాఠశాల అధిపతి కెప్టెన్ నబ్హాన్ నుండి పిలుపు వచ్చింది.

మహ్ఫూజ్ గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. కాఫీ రాలేదు. ఖర్జూరపు పళ్ళెం బల్లకు అవతలి అంచున ఉంది, ఇవతలికి జరగలేదు. ఆ గదిలో శత్రువు వచ్చి కూర్చున్నా ముందు కాఫీ వస్తుంది. అది రాకపోవడంతోనే మహ్ఫూజ్ కుర్చీ అంచుకు జరిగాడు.

"ఉస్తాద్, మీ తొమ్మిదిమందికీ ఒకడే తండ్రా?" అని అడిగాడు కెప్టెన్.

"అదేం మాట సార్?"

"దొరగారు మాట కలపడానికి ముందు ఇంటి కబుర్లు అడిగారట. తొమ్మిదిమందీ ఒకటే అప్పజెప్పారు. బిదియా నుంచి వచ్చా, దారి బాగుంది, వాన బాగుంది, నాన్న క్షేమం, మేకలు క్షేమం, వేరే కబుర్లేం లేవు. ఒక్క ముక్క తేడా లేదు. సూర్ ఊళ్ళో చేపలు పట్టేవాడి కొడుక్కి మేకలెక్కడివి ఉస్తాద్? ఈదుతాయా అవి?"

మహ్ఫూజ్‌కు మరో సంగతి తట్టింది. ఆ తొమ్మిదిమందిలో హిలాల్ అనే కుర్రవాడి తండ్రి ఎప్పుడో చనిపోయాడు. చనిపోయిన తండ్రిని క్షేమమని చెప్పాడంటే అది కంఠస్థం చేసిన జవాబు కాక మరేమవుతుంది?

"ఆ ప్రశ్న కాగితంలో మొట్టమొదటిది. కాగితం ఉన్నది మీ దగ్గర," అన్నాడు కెప్టెన్. "ఎవరు బయటపెట్టారో గురువారంలోగా చెప్పండి. చెప్పలేకపోతే బయటపెట్టింది మీరేనని రాస్తాను. ఉద్యోగం, దాంతోపాటు ఇచ్చిన ఇల్లు, రెండూ వదులుకోవాల్సొస్తుంది. కుర్రాళ్ళ ప్రయాణం ఎలాగూ ఆగింది."

ఒకసారి దుకాణాన్నీ ఊరినీ పోగొట్టుకున్నవాడికి ఇల్లు అన్న మాట ఎక్కడ తగులుతుందో చెప్పనక్కరలేదు. మహ్ఫూజ్ ఆ సాయంత్రమే విచారణ మొదలుపెట్టాడు. గదులు ఊడ్చే వృద్ధుడిని అనుమానించాడు. పక్క తరగతికి చెప్పే ఈజిప్టు ఉపాధ్యాయుడు తనతో ఆ వారం ఎందుకు అంత మర్యాదగా ఉన్నాడా అని ఆలోచించాడు. చివరికి వంటింటి గుమ్మంలో నిలబడి భార్య మెడవైపు చూశాడు.

"జువేనా, ఆ తాళంచెవి ఎవరికైనా ఇచ్చావా?"

కొబ్బరిపాలలో అరటికాయలు ఉడికిస్తున్న జువేనా గరిట దింపలేదు.

"ఇచ్చాను నస్రా నాన్నా. తొమ్మిది మేకలకు అమ్ముకున్నాను. పెరట్లో కట్టేశాను, వెళ్ళి లెక్క చూసుకోండి."

"నవ్వులాట కాదిది."

"నవ్వులాట కాకపోతే నన్నే అడుగుతారా? మెడలోంచి ఇది తీసిందెప్పుడు? స్నానానికి కూడా తియ్యనివ్వరు కదా మీరు!"

అతడు పెరట్లోకి వెళ్ళాడు. మేకలు లేవని తెలిసీ ఒకసారి చుట్టూ చూశాడు. అలా చూస్తుండగానే ఒక సంగతి అతనికి జ్ఞాపకం వచ్చింది. పరీక్షకు ముందురోజు, అందరూ మధ్యాహ్నం కునుకు తీసే వేళ, ముసల్లం ఉపాధ్యాయుల గదిలోంచి బయటికి వచ్చాడు. చేతిలో కాఫీపాత్ర లేదు. అటూ ఇటూ చూసి, తలగుడ్డ సర్దుకొని, గోడ నీడనే నడిచి వెళ్ళిపోయాడు. కాఫీ లేకుండా ముసల్లానికి ఆ గదిలో ఏమి పని?

ఆ ఆలోచన ఒకసారి లోపలికి వచ్చాక ఇక బయటికి పోలేదు. అతని పలకరింపులు, నవ్వులు, ప్రతి ఉదయపు ఆ ప్రశ్న, అన్నీ ఒక్క వరుసలోకి వచ్చి నిలబడ్డాయి. గురువారం ఉదయం మహ్ఫూజ్ కెప్టెన్ ఎదుట నిలబడి హవల్దారు పేరు చెప్పాడు. చూసింది చూసినట్టు చెప్పాడు. చూడనిది కూడా గొంతులో కొంత పలికింది.

"ముసల్లమా?" కెప్టెన్ కనుబొమలు ముడిపడ్డాయి. "వాడి భుజం మీద పట్టీలు పోతాయి ఉస్తాద్. గట్టిగా తెలిసే చెబుతున్నారా?"

"నా కళ్ళతో చూశాను సార్."

ముసల్లానికి కబురు వెళ్ళింది. అతడు వచ్చేలోగా బయట బండి చప్పుడైంది. కెప్టెన్ సొంత ఊరి నుండి బంధువులు ముగ్గురు వచ్చారు. ముందు నడిచినవాడు అతని చిన్నాన్న ఖల్ఫాన్, గడ్డం నెరిసినవాడు. రెండవవాడు ఆయన అల్లుడు. మూడవవాడు నూనూగు మీసాల యువకుడు. అతని కుడిచేయి మెడకు వేలాడదీసిన గుడ్డలో ఉంది. గుడ్డ మీద నెత్తురు మరక ఇంకా ఎండలేదు. కెప్టెన్ లేచి ముగ్గురి ముక్కులకూ ముక్కు తాకించి పలకరించాడు. అందరూ చాప మీద కూర్చున్నారు. కాఫీ వచ్చింది. ఆ గదిలో ఉన్న పాపానికి మహ్ఫూజ్‌కు కూడా ఒక గిన్నె అందింది.

"కబుర్లేమిటి చిన్నాన్నా?" అని అడిగాడు కెప్టెన్.

"కబుర్లేం లేవు నాయనా. దారి బాగుంది, వాన బాగుంది, అందరం క్షేమం."

కెప్టెన్ అల్లుడివైపు తిరిగాడు. "నీ కబుర్లేమిటి?"

"కబుర్లేం లేవు. దారి బాగుంది, వాన బాగుంది, క్షేమం."

"నీవి?"

చేయి విరిగిన యువకుడు పళ్ళు బిగించి, "కబుర్లేం లేవు. దారి బాగుంది, వాన బాగుంది, క్షేమం," అన్నాడు.

మహ్ఫూజ్ కిటికీలోంచి బయటికి చూశాడు. వారి బండి ముందుభాగం నలిగి ముద్దయి ఉంది. ఒక దీపం తీగకు వేలాడుతోంది. అతని చేతిలోని గిన్నె నోటిదాకా వెళ్ళకుండానే ఆగిపోయింది.

"సార్," అన్నాడు. పెద్దల సంభాషణలో తలదూర్చడం ఎంత తప్పో అతనికి తెలుసు. "ఈ తమ్ముడికి జవాబు ముందుగా ఎవరు అందించారు?"

"ఏం జవాబు?"

"దారి బాగుందని."

ఖల్ఫాన్ ముఖం ఎర్రబడింది.

"ఎవరయ్యా ఈ ద్వీపంవాడు? నేను చెప్పాక మావాడు వేరేగా చెప్తాడా? పదిమందిలో నన్ను అబద్ధాలకోరుని చేస్తాడా? కాఫీ అయ్యాక అసలు సంగతి నేనే చెప్తాగా! బండి వాగులో బోల్తా పడింది, అందుకే వచ్చాం. ఏం తొందరొచ్చింది నీకు?"

కెప్టెన్ యువకుడి చేతివైపు చూశాడు. తరువాత బండివైపు, ఆ తరువాత మహ్ఫూజ్‌వైపు చూశాడు.

"పరీక్షకు మొదట లోపలికి వెళ్ళిందెవరు?"

"ముసల్లం, సార్. వాడే పెద్ద. బయటికి రాగానే మిగతావాళ్ళు వరండాలో అతన్ని కబుర్లు అడిగే ఉంటారు. ఏం చెప్పి వచ్చాడో చెప్పే ఉంటాడు. పెద్దవాడు చెప్పేశాక, అదే ప్రశ్నకు చిన్నవాళ్ళు వేరే జవాబు ఎలా చెప్తారు? దొరగారికి అది పరీక్ష. వీళ్ళకది పలకరింపు."

ఆ మాట పూర్తయ్యేసరికి మహ్ఫూజ్ దృష్టి గుమ్మం మీద పడింది. తలుపు తెరిచే ఉంది. ముసల్లం అక్కడ నిటారుగా నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుండి ఉన్నాడో, ఏమేమి విన్నాడో ఆ ముఖం చెప్పలేదు.

కెప్టెన్ పూర్తిగా నమ్మలేదు. మళ్ళీ పరీక్ష పెట్టించి తానే స్వయంగా ఒక మూల కూర్చున్నాడు. లోపలికి వెళ్ళే ముందు ముసల్లం తనవారిని వరండాలో నిలబెట్టి అన్నాడు: "ఒరే, ఇవాళ నా కబురు నా దగ్గరే ఉంటుంది. ఎవరింటి సంగతి వాడే చెప్పండి. నేనేమీ అనుకోను. మేకలు లేనివాడు నా మేకల జోలికి రావద్దు."

మొదట నోరు విప్పడానికి వారు పడిన అవస్థ ఇంతా అంతా కాదు. హిలాల్ వచ్చీరాని ఇంగ్లీషులో, తన తండ్రి లేడని, తల్లి బుట్టలల్లుతుందని, చెల్లెలికి జ్వరమని చెప్పాడు. చెప్పి, తప్పు చేసినవాడిలా తలుపువైపు చూశాడు. హార్ట్‌నెల్ తల ఊపాడు. ఇద్దరు తప్ప మిగిలినవారందరూ నెగ్గారు. మహ్ఫూజ్ ఉద్యోగం, ఇల్లు అతనికే దక్కాయి.

ఆ మరునాడు ఉపాధ్యాయుల గదిలో పుస్తకాల కోసం తన గడియ విరిగిన బీరువా తెరిచిన మహ్ఫూజ్‌కు చీమల బారు కనిపించింది. వెనుక వరుసలో, తాటాకు మూత కింద, గిన్నెడు హల్వా. కుంకుమపువ్వు, బాదం వేసి పండుగకు ఇళ్ళలో పంచుకునే రకం. ముసల్లం ఆ మధ్యాహ్నం గదిలోకి ఎందుకు వచ్చాడో అతనికి అర్థమైంది. ఇంటికి వెళ్ళి జువేనాకు చెప్పాడు.

"పరీక్షకు ముందురోజు పెట్టాడా? ఊరికే పెట్టాడంటారా?" అన్నది ఆమె.

"ఇంతకాలం నన్ను వెక్కిరించి, ఇప్పుడు నువ్వూ అనుమానించడం మొదలుపెట్టావా?"

"మీతో కాపురం చేస్తే ఎవరికి రాదు నస్రా నాన్నా?"

ప్రయాణానికి ముందు ముసల్లం చివరిసారిగా కాఫీపాత్రతో గుమ్మంలో నిలబడ్డాడు.

"ఉస్తాద్, కబుర్లేమిటి?"

మహ్ఫూజ్ లేచి నిలబడ్డాడు. "కబుర్లేం లేవు హవల్దార్. దారి బాగుంది, వాన బాగుంది, అంతా క్షేమం."

ముసల్లం కళ్ళు ఒక్క క్షణం పెద్దవయ్యాయి. లోపలికి వచ్చి కూర్చొని కాఫీ పోశాడు. ఇద్దరూ తాగారు. మహ్ఫూజ్ ఇక చాలన్నట్టు గిన్నెను అటూ ఇటూ కదిపి ఇచ్చాడు. ముసల్లం గిన్నె తీసుకున్నాడు గాని లేవలేదు. అసలు కబురు చెప్పవలసిన సమయం వచ్చిందని ఇద్దరికీ తెలుసు.

"కెప్టెన్‌గారికి నీ పేరు చెప్పింది నేనే."

"తెలుసు ఉస్తాద్. ఆవేళ తలుపు తెరిచే ఉంది, నాకు కబురు తెచ్చినవాడు అంతా విన్నాడు."

"ఆ హల్వా..." మహ్ఫూజ్ అడగకూడదనుకున్నదే అడిగాడు. "పరీక్ష ముందురోజే ఎందుకు పెట్టావు?"

ముసల్లం పాత్ర ఎత్తుకొని గుమ్మం దాకా వెళ్ళి వెనుదిరిగాడు.

"అది మీరే అనుమానించుకోండి. నేను చెప్తే మాత్రం నమ్ముతారా?"

వరండాలో నవ్వులు వినిపించాయి. ఎవరెవరు నవ్వారో ఆ ఒక్కసారికి మహ్ఫూజ్ లెక్కపెట్టలేదు. సాయంత్రం సొరుగుకు తాళాలు రెండూ వేసి, రెండింటినీ లాగి చూసుకొని, ఖాళీ అయిన హల్వా గిన్నెను చంకన పెట్టుకొని ఇంటికి వెళ్ళాడు.