చాయ్ గ్లాసులో కృష్ణ మొగ

శోభ మేడం చాయ్‌ని ముందు కళ్లతో తాగేది, ఆ తర్వాతే నోటితో. నిజంగానే ఆ గ్లాసులో ఆమెకు నది కనిపించేదా? ఇప్పటికీ నాకు జవాబు తెలియదు.

సముద్రం గాలైనా సోకని ఇబ్రహీంపట్నంలో కూర్చుని ఆమె చేసే ఉద్యోగం చిత్రమైనది. నదులు సముద్రంలో కలిసే మొగల దగ్గర నీళ్ల రంగు ఎలా మారుతోందో ఉపగ్రహం తీసిన ఫోటోల్లో చూడాలి. వరద మట్టిని మోసుకొస్తే ఒక రంగు, నాచు ముదిరితే ఇంకొకటి. పొద్దంతా కంప్యూటర్లో అవి చూసి, సాయంత్రం బస్టాండు దగ్గర వజీర్ బీ చాయ్ బండికి వచ్చేది. గ్లాసును వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి ప్రకటించేది:

"వజీరక్కా, కృష్ణ మొగల వరదొచ్చింది!"

వజీర్ బీ గొణుక్కుంటూ గిన్నెలో పాలు కలిపేది. శోభ మేడం "అంత నురగనే, నది యాడుందక్కా?" అంటే డికాక్షన్ పడేది. పుస్తకం పట్టుకుని కూర్చునే నేనూ, ఆటో మల్లేశూ నవ్వుకునేవాళ్లం.

"గంత దూరం నీళ్లెందుకు మేడం? మన చెర్వు జూడరాదు?" అన్నాడోసారి మల్లేశ్.

"చూస్త గని, ముందుగాల నీ అంగి ఉతుక్కో. గోదావరి ఒండ్రంత నీ కాలర్ మీదనే ఉన్నది."

ఒకరోజు ఆమె రాలేదు. మల్లేశ్ గ్లాసెత్తి, అచ్చం ఆమెలాగే అరిచాడు: "వజీరక్కా, కృష్ణ మొగల వరద!"

వజీర్ బీ టక్కున గరిటెడు పాలు పోసింది. వాడు మళ్లీ అరిచాడు, ఆమె మళ్లీ పోసింది. చాయ్ కాస్తా సున్నపు నీళ్లయింది.

"గిదేందక్కా! పరాచికమాడితె నమ్ముడేనా?"

వజీర్ బీ నాతో మాట్లాడాలని నా పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు తిరిగింది.

"కండ్లకు పొర కమ్మింది సార్. రంగు తెలుస్తలేదు. నా కొడుకు సయీద్‌కు తెలిస్తే బండి బంద్ జేపిస్తడు. గిరాకి ముందట ఇజ్జత్ పోవద్దని, డికాక్షన్ ఎక్కువైతె వరద, పాలెక్కువైతె నురగ అని మేడం గట్ల జెప్తుండె."

మల్లేశ్ ఆ తెల్లటి చాయ్‌ని చుక్క మిగలకుండా తాగేశాడు. "మస్తుందక్కా" అని కూడా అన్నాడు.

ఆ రోజు శోభ పోయింది పట్నంలో కంటి దవాఖానకట, వజీర్ బీ పేరు రాయించడానికి. తర్వాత సయీద్‌ను ఒప్పించిందీ ఆమే: "కండ్లు బాగైతే బండెందుకు బంద్ వెడ్తవ్ తమ్మీ?"

ఆపరేషనై, కోలుకుని, వజీర్ బీ మళ్లీ చాయ్ కాచింది. శోభ గ్లాసెత్తింది. కన్ను మూసింది. ఏ నదీ పారలేదు. గటగటా తాగి, గ్లాసు పెట్టేసి, వెళ్లిపోయింది.

"పోయొస్తనని గూడ అనకపాయె!" మల్లేశ్ నొచ్చుకున్నాడు.

వజీర్ బీ కొత్త కళ్లతో వాణ్ని ఎగాదిగా చూసింది.

"నది పేరెత్తలేదంటే చాయ్ మంచిగున్నట్టే. నీ అంగి మాత్రం గామె చెప్పినదానికన్న ఘోరమున్నది రా!"