ఉప్పు లేని ఎల్లమాస

మహాదేవమ్మకు అనుమానం పుట్టింటి సారెతో పాటే వచ్చిందని అత్తింటివాళ్ళు వేళాకోళం చేస్తారు. బీదర్ అవతలి ఊరి నుంచి జహీరాబాద్‌కు కోడలై వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో క్యాను మూత తీయించి చూడకుండా పాలు పోయించుకున్న రోజు లేదు. కూరగాయల బండి దగ్గర తక్కెడ ముల్లు నిలబడేదాకా సంచి విప్పదు. ఎవరైనా నవ్వుతూ పెళ్ళికి పిలవడానికి వస్తే, వీళ్ళకు మన ట్రాక్టర్ కావాలేమో అనుకుంటుంది. పోనీ ప్రతిసారీ ఆమెదే తప్పని చెప్పడానికీ లేదు. పాలలో నీళ్ళు నిజంగానే ఉండేవి, పిలవడానికి వచ్చినవాళ్ళు ట్రాక్టర్ నిజంగానే అడిగేవారు.

ఆమె ఏనాడూ అనుమానించనిది ఒక్కటే, మొగుడి కోపం. రేవణసిద్ధప్పకు హైవే పక్కన ఎరువుల దుకాణం, న్యాల్‌కల్ దగ్గర శనగ, జొన్న పండే నల్లరేగడి చేను ఉన్నాయి. వాటితో పాటు అంగడి చివరిదాకా వినపడే గొంతు కూడా ఉంది. దుకాణంలో హమాలీ బస్తా వంకరగా పెట్టినా అరుపే, ఇంట్లో కూరలో ఉప్పు పిసరంత తగ్గినా అరుపే. కంచం గోడకు తగిలిన రోజులున్నాయి. ఆ గోడ తుడిచింది ఆమె. ఆయన బండి చప్పుడు సందు మొదట్లో వినపడగానే ఇంట్లో టీవీ ఆగిపోయేది, మాటలు ఆగిపోయేవి. ఆమెకు ఆయనంటే భయం. కానీ ఆ భయం వేళాపాళా ఆమెకు తెలుసు కాబట్టి దానితో కాపురం చేయడం అలవాటైంది.

దసరా కాగానే రిటైరైన టీచరు విరూపాక్ష సారు వచ్చి, ఆయన్ను హైదరాబాద్ అవతల ఎక్కడో జరిగే ధ్యాన శిబిరానికి తీసుకుపోయాడు. బుద్ధుడు చెప్పిన ధ్యానమట. పది రోజులు నోరు విప్పకూడదట. ఆ మాట విని మహాదేవమ్మ కొడుకు వీరేశ్ పగలబడి నవ్వాడు.

"పది దినాలా? నాయిన జహీరాబాద్ దాటకముందే కండక్టర్‌తోని పంచాయితీ పెట్టుకుంటడు సూడు."

పెట్టుకోలేదు. అన్ని రోజులూ ఉండి వచ్చాడు. వచ్చినవాడు గడప బయట చెప్పులు విడిచి, నీళ్ళు తాగి, "అందరు మంచిగున్నరా?" అని అడిగాడు. మహాదేవమ్మ గుండె గుభేలుమంది.

మర్నాటి నుంచి పొద్దున్నే గొంగడి మడత మీద, గోడకు ఎదురుగా కళ్ళు మూసుకుని కూర్చోవడం మొదలైంది. ఆమె చీపురు పట్టుకుని వెనకే నిలబడింది. ఆయన కళ్ళు తెరిచేదాకా కదల్లేదు.

"ఏం చేస్తున్నవ్?"

"ఊపిరి సూస్తున్న. వస్తది, పోతది. ఊకె సూసుడే."

"ఊపిరికి కావలి ఏంది? దాన్నెవలన్న ఎత్కపోతరా?"

పాత రేవణసిద్ధప్ప అయితే ఆ చీపురు లాక్కుని వాకిట్లోకి విసిరేసేవాడు. ఈయన చిన్నగా నవ్వి గొంగడి మడిచాడు. కొంగజపం, అనుకుంది మహాదేవమ్మ. కొంగ అంత నిమ్మళంగా నిలబడిందంటే ఎక్కడో చేప ఉండి తీరాలి. ఆ చేప ఏమిటో కనిపెట్టే పనిలో పడింది.

మొదట మతం మారాడేమో అనుకుంది. స్నానం చేసి వస్తుంటే మెడ వంక చూసింది. లింగకాయ దారానికి భద్రంగానే ఉంది. లింగపూజ కూడా మానలేదు, అది ముగిశాకే గొంగడి పరుస్తున్నాడు. తర్వాత ఇంకో ఆడదేమో అనుకుంది. విడిచిన చొక్కాలు వాసన చూస్తే యూరియా వాసన తప్ప మరొకటి లేదు. ఇక లాభం లేదని ఒకరోజు చెప్పకుండా వెళ్ళి దుకాణం ఎదురుగా ఉన్న బేకరీలో కూర్చుంది. ఒక రైతు విత్తనాలు మొలకెత్తలేదని ఆయన్ను మొహం మీదే తిడుతున్నాడు. రేవణసిద్ధప్ప విన్నాడు, కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. మహాదేవమ్మ తన చాయ్ సగంలో వదిలేసి ఇంటికి వచ్చింది. ఇంత మంచితనం ఉత్తపుణ్యానికి ఎవరికీ రాదు.

చేపను చూపించింది ఆయన అక్క శరణమ్మ. దీపావళికి రాయికోడ్ నుంచి వచ్చి, తమ్ముడి వాలకం చూసి, మరదలిని వంటింట్లోకి లాక్కుపోయింది.

"ఆ బుద్ధుడెవలనుకున్నవ్ మాదేవీ? రాజు కొడుకు. పెండ్లాం, పసిపిల్లగాడు నిద్రపోతుంటే సప్పుడు గాకుండ ఎల్లిపోయిండు. మా తమ్ముడు పట్టింది గా దారే."

"ఈ వయసులనా వదినా?"

"వయసుతోని ఏం పని? నాలుకకు రుచి ఉన్నన్ని దినాలు మొగోడు ఇల్లిడువడు. రుచి పోయిందా, ఇగ ఎవ్వలు ఆపలేరు. జర కనిపెట్టుకోనుండు."

ఆ మాట ముల్లులా దిగింది. శరణమ్మ ఊరెళ్ళాక మహాదేవమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అరిచే మనిషితో ఇన్నేళ్ళు వేగింది, అరవడం మానగానే పోగొట్టుకోవడానికా? ఆ రోజే తన మంచం ఈడ్చుకొచ్చి తలుపుకు అడ్డంగా వేసింది. పోదలుచుకుంటే తనను దాటి పోవాలి.

రుచి సంగతి కూడా తేల్చుకుందామనుకుంది. కూర పొయ్యి మీద ఉండగానే ఆయన వాటా వేరే గిన్నెలోకి తీసి, మిగతాదానికి ఉప్పు వేసింది. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే తలుపు చాటున ఊపిరి బిగబట్టింది. అరుస్తే చాలు, ఒక్కసారి అరుస్తే చాలు అని మొక్కుకుంది. ఆయన నమిలాడు. ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. మిగిలింది తినేసి చేయి కడుక్కున్నాడు. మర్నాడూ అంతే. కార్తీకమంతా అంతే. ఉప్పులేని కూర గిన్నె ఖాళీగా వచ్చిన ప్రతిసారీ ఆమెకు ఇల్లు కొంచెం ఖాళీ అయినట్టు ఉండేది.

ఇంతలో ఎల్లమాస వచ్చింది. మార్గశిర అమావాస్యను ఆ వైపు అలా అంటారు. ఆ రోజు ఊళ్ళో పొయ్యి ముందు కూర్చునేవాళ్ళు ఉండరు, అన్ని కులాలవాళ్ళూ చేన్లకు కదులుతారు. హైదరాబాద్‌లో ఉద్యోగాలవాళ్ళు, బీదర్‌లో కాపురాలవాళ్ళు పిల్లాజెల్లాతో దిగుతారు. చేన్లో జొన్నచొప్పతో చిన్న గుడిసె కట్టి, సున్నం పూసిన ఐదు రాళ్ళను పాండవులని నిలబెట్టి, సజ్జరొట్టెలు, అంబలి, బజ్జికూర నైవేద్యం పెడతారు. బజ్జికూర అంటే పచ్చిశనగలు, కందిగింజలు, అనపగింజలు, ఆకుకూరలు అన్నీ ఒకే గిన్నెలో ఉడికి కలిసిపోయేది. నైవేద్యం అయ్యేదాకా దాన్ని ఎవరూ రుచి చూడకూడదు. అయ్యాక మొదటి ముద్ద ఇంటి పెద్దది.

మహాదేవమ్మ పట్టుకున్నది ఆ పద్ధతినే. ఒంటరిగా ఇంట్లో తినేటప్పుడు ఓర్చుకున్నాడు సరే. వచ్చిన చుట్టాలందరి ముందు, ఇంటి పరువు పోతుంటే కూడా ఓర్చుకుంటాడా? అరిచాడంటే ఇంకా తన మొగుడే. అరవలేదంటే ఆ మనిషి ఎప్పుడో వెళ్ళిపోయినట్టే.

వీరేశ్ పెళ్ళాం శ్రుతికి అది అత్తింట్లో మొదటి ఎల్లమాస. పెద్ద గిన్నె దగ్గర నిలబడి అడిగింది.

"అత్తమ్మా, ఉప్పు నేను ఎయ్యాల్నా?"

"నేనేస్త తియ్యి. నువ్వు రొట్టెలు మూటగట్టు."

వేయలేదు.

ట్రాక్టర్ ట్రాలీ నిండా జనంతో చేను చేరారు. రేవణసిద్ధప్ప పాండవులకు పూజ చేశాడు, చేను చుట్టూ అంబలి చల్లుతూ తాతల నాటి నుంచి వస్తున్న పండుగ కేక కూడా గట్టిగానే వేశాడు. అది మహాదేవమ్మకు కొంచెం ధైర్యం ఇచ్చింది. శనగచేను పక్కన బంతి వేశారు. విస్తళ్ళలో బజ్జికూర పడింది. ఇంటి పెద్దగా రేవణసిద్ధప్ప మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆమె కళ్ళు ఆయన దవడ మీదే ఉన్నాయి.

ఆయన నమిలాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచి, "తినుండ్రి" అన్నాడు.

అందరూ తిన్నారు. ఆయన తమ్ముడు గురులింగప్ప పక్కకు తిరిగి ఉమ్మేశాడు. పిల్లలు మొహాలు చిట్లించారు. శరణమ్మ విస్తరి ముందుకు నెట్టింది.

"పండుగ పూట పాండవులకు సప్పిడి కూర పెట్టినమా? ఎవలు ఉప్పేసింది? కొత్త కోడలా?"

అందరూ శ్రుతి వైపు చూశారు. ఆ పిల్ల అత్త పేరు చెప్పలేదు. తల వంచుకుంది. తర్వాత అందరూ రేవణసిద్ధప్ప వైపు చూశారు, ఒక్కరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం మహాదేవమ్మకు బాగా తెలుసు. సందు మొదట్లో బండి చప్పుడు వినపడితే ఇంట్లో పుట్టే నిశ్శబ్దం అది. అది తన మీద పడుతుందని తాను కాచుకుని కూర్చుంటే, పాపం ఆ పిల్ల మీద పడింది. ఆమెకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

రేవణసిద్ధప్ప లేచాడు. మిరపకాయలతో నంజుకోవడానికి తెచ్చిన ఉప్పు పొట్లం తీసుకుని, బంతి వెంట వంగి ఒక్కొక్క విస్తట్లో చిటికెడు వేసుకుంటూ వచ్చాడు. చిన్నపిల్లలకు కూడా తనే కలిపాడు. శ్రుతి దగ్గరకు రాగానే ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయన అది చూశాడు. పొట్లం అక్కడే కింద పెట్టి, "కూసోని తిను బిడ్డా" అన్నాడు.

"దానిదేం తప్పు లేదు" అంది మహాదేవమ్మ. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "ఉప్పు నేనే ఎయ్యలే. కావాల్ననే ఎయ్యలే."

రేవణసిద్ధప్ప తన విస్తరి పట్టుకుని వచ్చి పెళ్ళాం ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఎరుకే. దీపాళి పోయిన సంది నాకు ఎయ్యట్లేవు."

"ఎరుకుండి ఎందుకు అడగలే?"

ఆయన మట్టిగడ్డ ఒకటి తీసుకుని చిదిమాడు.

"ఉప్పు అనే మాట నా నోట్లెకెల్లి ఎన్నడొచ్చినా తిట్టయ్యే వచ్చింది. అడుగుదామని నోరు తెరిస్తే మళ్ళ గదే వస్తదని భయమైంది. గా శిబిరంల కోపం ఆపుడు నేర్పిన్రు మాదేవీ. మాట్లాడుడు నేర్పలే."

ఆమె అసలు ప్రశ్న అప్పుడు అడిగింది. చుట్టాలు వింటున్నారన్న సోయి కూడా లేదు.

"ఇల్లిడిచి పోతవా?"

"యాడికి?"

"గా బుద్ధుడు పోయినట్టు. పెండ్లాం నిద్రపోతుంటే."

ఆయన తెల్లబోయి చూశాడు. "గందుకేనా తలుపుకడ్డం పండుకుంటున్నవ్? ఇంత చలిల తలుపుకాడ ఎందుకు పండుకుంటుందో అనుకున్న. అడుగుదామంటే మళ్ళ గదే భయం."

ఎవరో పిల్ల కిసుక్కున నవ్వింది. గురులింగప్ప దగ్గు నటించాడు. మహాదేవమ్మ కళ్ళు తుడుచుకుని, శ్రుతి ముందున్న ఉప్పు పొట్లం అందుకుంది.

"ఇప్పుడడుగు."

ఆయన కళ్ళు మూసుకోబోయాడు. "కండ్లు మూసుడు లేదు. నన్ను సూసి అడుగు" అంది. ఆయన పెదవులు రెండుసార్లు కదిలాయి.

"మాదేవీ, జర ఉప్పెయ్యి."

చిటికెడు వేసింది. ఆయన కలుపుకుని ఒక ముద్ద తిని, "సాలదు" అన్నాడు. ఆ మాట కొంచెం గట్టిగానే వచ్చింది. ఆయనకే భయం వేసి ఆమె మొహంలోకి చూశాడు. ఆమె ఇంకో చిటికెడు వేసింది.

ఇంటికి వచ్చాక మంచం తలుపు దగ్గర నుంచి తీసి పాత చోటికి జరిపింది. అయినా పుట్టింటి నుంచి వచ్చిన గుణం ఒక్క పండుగతో పోతుందా? ఆయన చెప్పులు తెచ్చి తన మంచం కింద, తల వైపు పెట్టుకుంది.

పొద్దున్నే ఆయన లేచాడు. పూజ చేసుకున్నాడు, గొంగడి మీద కూర్చున్నాడు, చొక్కా వేసుకుని గడప దాకా వెళ్ళి వెతుక్కున్నాడు. వెనక్కి వచ్చి ఆమె మంచం పక్కన నిలబడ్డాడు.

"మాదేవీ, నా చెప్పులు జర సూసినవా?"

ఆమెకు మెలకువగానే ఉంది. ఇంకోసారి అడుగుతాడేమోనని కళ్ళు మూసుకుని పడుకుంది.