అయిపోయింది, టీచర్

ఈ రోజు మా పాప పోయే అంగన్‌వాడీలో చిన్నపిల్లలకు పరుగుపందెం పెట్టారు. పాపకు నాలుగేళ్లు. గోపన్‌పల్లిలో కొత్తగా కడుతున్న ఒక అపార్ట్‌మెంట్‌కు మా ఆయన వాచ్‌మన్. మా గది కింది అంతస్తులోనే. గది ముందే లిఫ్టు కోసం తవ్విన గుంత, దానికింకా తలుపు పెట్టలేదు. నేను పనిలో ఉన్నప్పుడు పాప అటు పోకుండా పాత చున్నీ నడుముకు చుట్టి కిటికీ ఊచకు కడతాను.

టీచర్ ఈల ఊదగానే పిల్లలందరూ ఉరికారు. మా పాప నాలుగడుగులు వేసి తనంతట తానే ఆగిపోయింది.

"ఉరుకు బిడ్డా, ఎందుకాగినవ్?" అని టీచర్ అరిచింది.

పాప నడుము తడుముకుని, "అయిపోయింది టీచర్" అన్నది.

"ఏం అయిపోయిందే? పందెం ఇప్పుడే షురువైంది గదా!"

తల్లులందరూ నవ్వారు. ఏం అయిపోయిందో నాకొక్కదానికే తెలుసు. చెప్పడానికి సిగ్గేసి నేనూ నవ్వాను.

"పిల్ల కాళ్లల్ల బలం లేదమ్మా, జర రోజూ ఉరికించు" అని వచ్చేటప్పుడు టీచర్ చెప్పింది. తలూపాను.

ఇంటికొచ్చేసరికి గుంత అట్లనే ఉంది. గిన్నెలు తోమాలి, బట్టలు పిండాలి. ఇంకో చున్నీ తెచ్చి పాతదానికి ముడేశాను. గుంతకు రెండడుగుల ఇవతలే ఆగేటట్టు కొలిచి కట్టాను. ఇప్పుడు మా పాప ఆరడుగులు ఉరకొచ్చు.

నా చోట మీరుంటే పిల్లను ఎట్ల ఉరికిస్తారు? తెలిసినవాళ్లు చెప్పండి.