కూత ఆగితేనే ఔట్

నర్సులకు జర్మన్ నేర్పడానికి కబడ్డీ ఎందుకని నన్ను అడగనివాళ్లు నాచారంలో లేరు. అందరికీ ఒకటే జవాబు చెప్పాను. మీ కుర్చీలూ బల్లలూ వాళ్లకు నేర్పలేదు కాబట్టి.

మా ఇన్‌స్టిట్యూట్ అంటే టిఫిన్ సెంటర్ పైన ఒక గది. కింద నుంచి వడల వాసన, పైన ఒక్కటే కిటికీ. నైట్ డ్యూటీ దిగి వచ్చిన నర్సులు అందులో కూర్చుని కునుకుతూ నోట్సు రాసుకునేవారు. రాసే పరీక్షల్లో మార్కులు బాగానే వచ్చేవి. ఎదురుగా మనిషి కూర్చుని మాట్లాడమంటే మాత్రం నీళ్లు నమిలేవారు. అందులో ఒకామె మరీనూ. నాచారం పాత ఊళ్లో కోడలు, ఇద్దరు పిల్లల తల్లి, రాతలో అందరికంటే ముందు. మాట్లాడే పరీక్ష అప్పటికే ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే, జర్మనీలో ఆమెకు ఉద్యోగం ఇస్తామన్న ఆసుపత్రి ఇంకొకరిని చూసుకుంటుంది.

"ముందుగాల మనసుల తెలుగుల మాటలు జోడిస్త మేడం, మల్ల జర్మన్ల మారుస్త. గంతల ఎదుటోళ్లు ఇంకోటి అడుగుతరు," అంది.

నేను చిన్నప్పుడు రామంతాపూర్‌లో బడి జట్టుకు కబడ్డీ ఆడినదాన్ని. కూతకు వెళ్లినవాళ్లకు మనసులో జోడించుకునే తీరిక ఉండదని నాకు తెలుసు. మరుసటి వారం అందరినీ ఉప్పల్‌లో ఒక గ్రౌండ్‌కు రమ్మన్నాను. చున్నీలు నడుముకు కట్టించి, ముగ్గుపిండితో గీత గీసి, రూల్ చెప్పాను. కబడ్డీ కబడ్డీ అనకూడదు. గీత దాటింది మొదలు తిరిగొచ్చేదాకా జర్మన్‌లో వాక్యాలు చెబుతూనే ఉండాలి. తప్పు మాట్లాడితే ఔట్ కాదు. ఆగితేనే ఔట్. పక్కన క్రికెట్ ఆడేవాళ్లు మమ్మల్ని చూసి నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

వారం తిరక్కుండానే ఆమె అత్తగారు ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కింది. "గ్రౌండ్ల దుంకనీకా మా కోడలు ఇంట్ల పని ఇడిసిపెట్టి వచ్చేది?" అని ఓనరును నిలదీసింది. మేమంతా సారు అనేది ఆయన్నే. సారు నన్ను పిలిచి, "గ్రౌండన్న బంద్ గావాలె, మీరన్న బంద్ గావాలె," అన్నారు. పైగా నేను తప్పులు దిద్దకుండా వదిలేస్తున్నానట.

నాకు ఒళ్లు మండింది. పుట్టిన దగ్గర్నుంచి ఈ ఆడవాళ్లను ఎవరో ఒకరు దిద్దుతూనే ఉన్నారు. వాళ్ల నోరు పెగలకపోవడానికి కారణమే అది. ఆ మాట ఆయన ముఖం మీదే అన్నాను.

"ఆమె ఈసారి ఫెయిలైతే నేనే పోత సార్. గప్పటిదాంక గ్రౌండ్ జోలికి రాకుండ్రి."

అనేసి మెట్లు దిగాను. ఆ ఉద్యోగం నాకూ అవసరమే. అయినా వెనక్కి ఎక్కలేదు.

ఈ సంగతి ఆమె చెవిన పడింది. మర్నాడు కూతకు తనే ముందుకొచ్చింది. అంతకుముందు ఎప్పుడు వెళ్లినా రెండో వాక్యానికే ఔటయ్యేది. బీపీ చూస్తాను, కట్టు మారుస్తాను అంటూ గీత దాటింది. పాఠంలో ఉన్నవన్నీ అయిపోయాయి. నలుగురు కాళ్లు పట్టుకుని కింద పడేశారు. అప్పుడు మట్టిలోంచి వచ్చింది అసలు జర్మన్. మా అత్తకు కోపం. మా సారుకు కోపం. నాకు కూడా కోపం. వదలండి, నాకు డ్యూటీ ఉంది. వ్యాకరణం చూస్తే తల బాదుకోవాల్సిందే. నేను మాత్రం సంతోషం పట్టలేక ఈల వేశాను. పాక్కుంటూ వెళ్లి గీత అందుకునేదాకా ఆమె కూత ఆగలేదు.

మాట్లాడే పరీక్ష రిజల్టు వచ్చిన రోజు ఆమె పాసై లడ్డూల డబ్బాతో వచ్చింది. సారు ఒకటి తీసుకుని, "నేను ఎప్పుడో అన్న, ఆమె తెలివిగల్లది. గ్రౌండ్‌తోని అయ్యిందేం లేదు. ఇగ రేపటిసంది అందరు రూంలనే," అన్నారు.

నేను నోరు తెరిచేలోపు ఆమే అందుకుంది.

"కాదు సార్. పరీక్షల ఎదురుంగ కూసున్న మేడం అడగంగనే నా నోరు ఎండిపోయింది. టేబుల్ కింద చెప్పు ఇడిసిన. బొటనేలుతోని నేల మీద గీత గీసిన. దాటిన. ఇగ ఆ మేడమే సాలు సాలు అనేదాంక ఆపలే."

నేను కుర్చీలోంచి లేచాను.

"రేపటికి ముగ్గుపిండి తెప్పియ్యుండ్రి సార్. గ్రౌండ్ల గీతలు చెరిగిపోయినయ్."