పంతులమ్మ తాగిన చెంబెడు నీళ్లు

మా పంతులమ్మ పోయిందన్న కబురు నాకు, గిద్దలూరులోనే కాపురముంటున్న మా తమ్ముడు చెప్పాడు. పలకల బేరానికి అక్కడినుంచి రైలెక్కి మార్కాపురం వచ్చినవాడు, కాళ్లయినా కడుక్కోకుండా వాకిట్లో నిలబడి, "అక్కా, పంతులమ్మ పోయింది. పోయిన వారమే" అన్నాడు. నా చేతిలో చేట అట్లాగే ఉండిపోయింది. "వారమైతే నాకు చెప్పి పంపలేదేందిరా?" అని కసిరాను. వాడు చిన్నబోయి, "ఎవరు చెప్పి పంపుతారక్కా, ఆయమ్మకు ఎవరుండారు?" అన్నాడు.

వాడు అబద్ధం చెప్పలేదు. ఆమెకు ఎవరూ లేరు. కొరివి బడి హెడ్మాస్టరు పెట్టాడట. ఊళ్లో సగం మంది ఆడవాళ్ల కాళ్ల కురుపులు ఆమె చేతుల మీదే మానాయి, అయినా చావు కబురు ఎవరికి పంపాలో ఎవరికీ తోచలేదు. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. ఆమెను ఎరగని మీకు నాలుగు మాటలు చెప్పుకుంటే నా దిగులు కొంత తీరుతుందేమోనని రాస్తున్నాను.

ఆమె గుంటూరు వైపు మనిషి. చిన్నతనంలోనే భర్త పోతే, చదువుకుని, ఆడపిల్లల బడిలో ఉద్యోగానికి మా గిద్దలూరు వచ్చింది. వచ్చిన కొత్తలో "వచ్చారా అండీ, తిన్నారా అండీ" అని ప్రతి మాటకూ ఒక 'అండీ' తగిలించేది. ఊరి కోడళ్లం మేమంతా ఆమె వెనక నవ్వుకునేవాళ్లం. తెలిసి కూడా ఏమీ అనేది కాదు. "నవ్వండర్రా, నవ్వితే పళ్లు అరిగిపోవు" అనేది.

ఎండాకాలం రాగానే బడిలో సగం బెంచీలు ఖాళీ అయ్యేవి. ఎందుకని ఇళ్లకు పోయి చూస్తే, పిల్లలు నారికురుపుతో మంచాల మీద ఉండేవాళ్లు. మా వైపు దిగుడుబావులు. కడవ ముంచాలంటే మెట్లు దిగి నీళ్లలో కాలు పెట్టాల్సిందే. ఆ నీళ్లలో కంటికి ఆనని పురుగు ఉంటుంది. తాగినవాళ్ల ఒంట్లో ఏడాదిపాటు పెరిగి, తెల్లటి దారం మాదిరిగా కాలు చీల్చుకుని బయటికి వస్తుంది. ఆ కాలితోనే మళ్లీ బావిలో దిగితే పురుగు పిల్లలు మళ్లీ నీళ్లలోకి చేరతాయి. మావాళ్లు అది అమ్మవారి కోపమని మొక్కుకునేవాళ్లే గాని, నీళ్ల జోలికి పోయేవాళ్లు కాదు.

అందుకే పంతులమ్మ సేవా సంఘం పెట్టింది. పేరు పెద్దదే గాని ఉన్నది ఆమె, నేను, ఇంకో పదిమంది ఆడవాళ్లం. ఆదివారం మధ్యాహ్నం బడి వసారాలో కూడేవాళ్లం. మాకు మూడే పనులు. వంతులవారీగా బావి ఆఖరి మెట్టు మీద నిలబడి, వచ్చినవాళ్ల కాళ్లు తడవకుండా చేదతో నీళ్లు తోడివ్వడం. ఇంటింటికీ పోయి గుడ్డ నాలుగు మడతలు పెట్టి నీళ్లు వడకట్టుకోమని చెప్పడం. పురుగు బయటపడినవాళ్లకు దాన్ని చీపురుపుల్లకు రోజుకు కొంచెం కొంచెం చుట్టి తియ్యడం. ఈ మూడో పనిలో తొందరపడితే పురుగు లోపలే తెగి కాలు కుళ్లుతుంది. "లాగితే తెగుతుంది, చుడితే వస్తుంది" అని ఆమె మాకు నేర్పింది. సంఘానికి రాకుండా మొరాయించే ఆడవాళ్ల గురించి మేము చాడీలు చెప్పినా అదే మాట అనేది.

ఊళ్లో మేము కుదురుకున్నాక ఆమె కన్ను పాలెం మీద పడింది. కూలికి పోయే క్రైస్తవుల ఇళ్లవి. వాళ్ల బావి వేరు, వాళ్ల కురుపులు మాత్రం మావే. "వాళ్లూ మన సంఘంలోకి రావాలి" అందామె. మాలో చాలామంది మొహాలు చిట్లించారు. నన్ను తోడు తీసుకుని ఆమె ఒక పొద్దున పాలెం పోయింది. అక్కడ మరియమ్మ అని పెద్దామె, ఆమె మాటే పాలెమంతటికీ మాట. పంతులమ్మ చెప్పినదంతా విని, లోపలికి పోయి చెంబెడు నీళ్లు తెచ్చింది.

"మా నీళ్లు మంచియి గావని చెప్పనీకి వచ్చినావు. బాగుంది తల్లీ. ఊరోళ్లకు మా నీళ్లు ఎప్పుడు మంచియి? ఎండన పడి వచ్చినావు గదా, ముందు ఇవి తాగు. ఆ పైన చెప్పు, వింటాం."

చుట్టూ ఆడవాళ్లు నిలబడి చూస్తున్నారు. వడకట్టే గుడ్డ ఎప్పుడూ పంతులమ్మ నడుముకే ఉండేది. ఆమె చెయ్యి దాని మీదికి పోవడం నేను చూశాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది. తరువాత ఆమె చెంబు అందుకుని చుక్క మిగలకుండా తాగింది.

తిరిగి వచ్చేటప్పుడు నేను ఉండబట్టలేక, "గుడ్డ నడుముకే ఉండె గదా, వడకట్టుకోకుండా ఎందుకు తాగినావు పంతులమ్మా?" అన్నాను.

"నేను గుడ్డ తీస్తే, పురుగు కోసం తీశానని వాళ్లు అనుకుంటారటే? కులం కోసం తీశాననే అనుకుంటారు. ఆ తర్వాత వాళ్లకు నేనేం చెప్పినా చెవికెక్కదు" అంది.

ఆ ఆదివారమే మరియమ్మ కోడలు రత్నమ్మ, ఆమెతో ఇంకొందరు వసారాకు వచ్చారు. మరు ఆదివారానికి ఊరి ఆడవాళ్లు సగం మంది మానేశారు. ఊరి పెద్ద ఒకాయన బడికే వచ్చి, "ఊరోళ్లకొకటి, పాలెమోళ్లకొకటి పెట్టుకోమ్మా. ఏ గొడవా ఉండదు" అని సలహా ఇచ్చాడు. ఆమె దండం పెట్టి, "రెండు నడిపే ఓపిక నాకు లేదండీ, ఒకటే నడుపుతాను" అంది. అంతకుముందుగాని ఆ తర్వాతగాని ఆమె పంతం పట్టింది నేనెరగను. సంఘం చిన్నదైపోయినా సరే, రెండు కాకూడదు.

పెద్ద పెద్ద మాటలతో కాదు, చెనక్కాయలతో ఆమె ఆ పంతం నెగ్గించుకుంది. మీటింగులో ఒక చేట నిండా చెనక్కాయలు మధ్యలో పెట్టేది. అన్నమైతే ఎవరి ముందు ఎవరు తినాలన్న లెక్కలుంటాయి. తొక్కలో ఉన్న గింజకు ఏ మైలా అంటదు కదా! ఒకే చేటలో చేతులు పెట్టి ఒలుచుకు తింటూ కూర్చునేవాళ్లం. మడి కట్టుకునే నరసమ్మక్క కూడా మొదట దూరంగా కూర్చుని, చెనక్కాయల కోసం జరిగి జరిగి దగ్గరికి వచ్చింది. నరసమ్మక్క ఊళ్లో పెద్ద రైతు కోడలు. ఆమె వస్తే మానేసినవాళ్లు కొందరు తిరిగి వచ్చారు.

ఏడాది తిరిగింది. ఎండాకాలం మొదట్లో పంతులమ్మ చీలమండ దగ్గర బొబ్బ లేచింది. అది దేనివల్ల వచ్చిందో ఆమెకూ నాకూ తెలుసు. బడి వెనక ఆమె ఉండే ఒంటి గదిలో మంచం మీద కాలు చాపుకుని, "నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి కాలు మీకు దొరకదు, రోజుకొకరు రండి" అంది. ఊరివాళ్లు, పాలెంవాళ్లు వంతులు వేసుకుని ఆ గదిలోకి వచ్చి, ఆ కాలు ఒళ్లో పెట్టుకుని పురుగు చుట్టారు. ఎవరు ఎవరిని తాకారని ఆ గదిలో ఎవరూ అడగలేదు.

ఒకరోజు మరియమ్మ వచ్చింది. ఆ కాలు చూసి గుమ్మంలోనే చతికిలపడింది. "మా చెంబే గదమ్మా?" అంది.

"ఏ చెంబో పురుగుకు గుర్తుండదు పెద్దమ్మా. లోపలికొచ్చి కూర్చో" అంది పంతులమ్మ.

ఆనాటినుంచి పాలెంలో ఏ ఇంటికి ఎవరు పోయినా, వాళ్ల కళ్లముందే గుడ్డ నాలుగు మడతలు పెట్టి, నీళ్లు వడకట్టి చేతికిస్తారు. అదే వాళ్లకు మర్యాద అయింది. అది చూసి నరసమ్మక్క, "పాలెమోళ్లే అట్ల ఇస్తుంటే మనం ఊరికే ముంచిస్తే ఏం బాగుంటాది?" అని ఊళ్లో మొదలుపెట్టింది. ఎన్ని ఇళ్లు తిరిగి చెప్పినా కాని పని పంతంతో అయింది. మా ఆడవాళ్ల సంగతి మీకు చెప్పాలా?

నేను కాన్పుకు కంభంలో మా పుట్టింట్లో ఉన్నప్పుడు ఎవరి చేతిలోనో ఆ పురుగు తెగిందట. కాలు చీము పట్టి, మానేటప్పటికి చీలమండ బిగుసుకుపోయింది. ఎవరు తెంపారని అడిగితే, "ఎవరూ కాదు, అదే తొందరపడింది" అంది. ఆ మాటే చివరిదాకా నిలబెట్టుకుంది.

తర్వాత మా ఆయన పలకల పనికి మార్కాపురం వచ్చాడు, నేనూ వచ్చాను. ఊళ్లో మెట్లు లేకుండా గిలకలు బిగించిన కొత్త బావి తవ్వారు. కురుపులు తగ్గాయి, సంఘానికి వచ్చేవాళ్లూ తగ్గారు. అక్కర తీరాక అంతే కదా. నేను ఎప్పుడైనా పోతే, రైలు వేళ దాటిపోతుందని లేవబోయే నన్ను, "ఇంకాసేపు కూర్చోవే" అని కొంగు పట్టుకునేది. "అందరూ సంఘానికి తల్లివంటారు. దీపం పెట్టుకున్నాక నాకు నా గిన్నె చప్పుడు తప్ప ఇంకోటి వినపడదు" అని ఒక్కసారి అంది. అన్నందుకు సిగ్గుపడి వెంటనే మాట మార్చింది. ఆ పూట నేను రైలు వదిలేసుకుని ఉండిపోయాను. అందుకు నాకు ఇప్పటికీ సంతోషమే.

తమ్ముడు కబురు చెప్పాక వచ్చిన ఆదివారం గిద్దలూరు పోయాను. ఆమె గదికి తాళం వేసి ఉంది. మధ్యాహ్నానికి, ఎవరూ పిలవకుండానే, ఆడవాళ్లు ఒక్కొక్కరే వసారాకు వచ్చి కూర్చున్నారు. చాలాకాలంగా మానేసినవాళ్లు కూడా వచ్చారు. కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు కూర్చుని, లేచారు. ఊరివాళ్లు ఊరి దారిన, పాలెంవాళ్లు పాలెం దారిన నడిచారు. ఆమె అన్నేళ్ల పంతం వారం పదిరోజులకే వీగిపోయిందా అనుకున్నాను.

నరసమ్మక్క, రత్నమ్మ మాత్రం వసారా మెట్ల దగ్గరే ఉన్నారు. కాలు బిగుసుకున్నాక పంతులమ్మ ఒక చెయ్యి నరసమ్మక్క భుజం మీద, ఇంకో చెయ్యి రత్నమ్మ భుజం మీద వేసి నడిచేది. మీటింగు కాగానే వాళ్లిద్దరూ ఆమెను బావి దాకా నడిపించుకుపోయి తీసుకొచ్చేవాళ్లట. ఇద్దరూ కూడబలుక్కోకుండానే మెట్లు దిగారు. బావి వైపు మెల్లగా, కుంటికాలు అందుకోగలిగినంత మెల్లగా నడిచారు. ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత ఎడం ఉంది. కనుచూపు మేర దాకా చూశాను. వాళ్లు ఆ ఎడం తగ్గించుకోలేదు.