కొరికిన గోళ్లు

పశుపోషణ నేర్పే ఆ కేంద్రంలో అందరూ ఆమెను గోళ్లపిల్ల అంటారు. పాఠం వింటున్నా, మేకలకు మేత వేస్తున్నా చెయ్యి నోట్లోకి పోవలసిందే. "పేడ చేతులమ్మా అవి," అని మాస్టారు రోజూ చీవాట్లు పెడతారు. ఆ మధ్యాహ్నం ఈనుతున్న గొర్రె కడుపులో పిల్ల కాలు వెనక్కి మడతపడి ఇరుక్కుంది. మాస్టారి చెయ్యి లోపలికి పట్టలేదు. ఆయన పిల్లలందరి చేతులూ చూసి ఆమె దగ్గర ఆగారు. "నీ చెయ్యి సన్నం. గోళ్లు లేవు, లోపల గీరుకుపోదు. సబ్బుతో కడుక్కురా." ఆమె కళ్లు మూసుకుని వెతికింది. గొర్రె మూలిగింది. "కాలు దొరికింది మాస్టారూ. కదలడం లేదు." "గిట్ట లోపల గుచ్చుకోకుండా గుప్పిట్లో దాచి, మెల్లగా ముందుకు తే." పిల్ల జారి గడ్డిమీద పడింది. కాసేపటికి తుమ్మి ఊపిరి తీసింది. ఆమె చెయ్యి అలవాటుగా నోటివైపు లేచింది. మాస్టారు తిట్టలేదు, మణికట్టు పట్టుకుని ఆపారు. సబ్బు ఆమె చేతిలో పెట్టి, తనే నీళ్లు పోశారు.